సైటేషన్ల లెక్క – 4: అందరూ రాజుగారే

పోయిన పాఠంలో ఒక పరిశోధకురాలి ఏడు వ్యాసాల సైటేషన్లు ఇచ్చి, ఆమె హెచ్-ఇండెక్స్ ఎంతో కట్టమన్నాను (సైటేషన్ అంటే ఒక వ్యాసాన్ని ఇంకో వ్యాసం ఉదహరించడం). ఆ లెక్క చాలామందిని పల్టీ కొట్టించింది. భీమవరం, తణుకు, అమలాపురం నుంచి వచ్చిన జవాబుల్లో ఎక్కువ 17 దగ్గరో 18 దగ్గరో ఆగాయి. కొందరు 7 అన్నారు. అంచేత ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని, అంటే ఒక పత్రిక వ్యాసాలకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కని, వచ్చే పాఠానికి జరిపాను.

మనం ఊహించుకున్న పరిశోధకురాలి ఏడు వ్యాసాల సైటేషన్లు ఇవి: 60, 31, 12, 9, 6, 5, 2. మీరు మొత్తం 125ని 7తో భాగించారు. అది సగటు. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చెప్పిన హెచ్-ఇండెక్స్‌లో భాగహారమే లేదు: ఎన్ని వ్యాసాలకు కనీసం అన్నేసి సైటేషన్లున్నాయో అదే ఆ అంకె. పెద్ద అంకె నుంచి చిన్నదానికి దింపుకుంటూ రాసి, పక్కన వరస సంఖ్య వెయ్యండి. అయిదో వ్యాసానికి 5 కావాలి, 6 ఉన్నాయి, చాలు. ఆరోదానికి 6 కావాలి, 5 ఉన్నాయి. అక్కడితో ఆగాలి. జవాబు 5. మొదటిదానికి 60 బదులు 6,000 వచ్చినా ఈ 5 కదలదు. ఫోన్లో కాదండీ, కాగితం మీద వెయ్యండి. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ పక్కనే ఐ10 అని ఇంకోటి కనిపిస్తుంది: పదికి తగ్గకుండా సైటేషన్లున్న వ్యాసాలెన్నో చెబుతుంది. ఇక్కడ 3. నేను దానివైపు చూడను.



ఇక నాకు ఒళ్లు మండే విషయం. గూగుల్ స్కాలర్‌లో మనవైపు సైకాలజీవాళ్ల పేర్లు కొట్టి, వచ్చిన వ్యాసాలన్నీ కూడేసి, ‘హెచ్-ఇండెక్స్ 40 దాటిందండీ’ అని రాసి పంపడం! ‘కె. రాజు’ అని కొడితే వలస కుటుంబాల సాంస్కృతిక అస్తిత్వం మీది వ్యాసం, రొయ్యల వైట్ స్పాట్ జబ్బు మీది వ్యాసం, కాంక్రీటు పగుళ్ల మీది వ్యాసం ఒకే తాటిమీదికి వస్తాయి. ఒక్క మనిషి ఈ మూడూ రాస్తాడా? మనకు ఇంటిపేరు ముందుంటుంది. డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. డెల్టాలో చివరి మాట రాజు, రావు, మూర్తి, లక్ష్మి. పొడి అక్షరాల్లో దాక్కున్న అసలు ఇంటిపేరు దానికి అక్కర్లేదు. తిరగబడేదీ ఉంది: ఒకాయనే ఒకచోట కె.వి.ఎస్. రాజు, ఇంకోచోట వి. రాజు అని అచ్చయితే ఆయన ఇద్దరైపోతాడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్ల పాత వ్యాసాలైతే పుట్టింట్లోనే ఉండిపోతాయి. ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండేలా 2012లో ఆర్కిడ్ సంఖ్య వచ్చింది ఇందుకే, పదహారు స్థానాలది. అది లేకపోతే నేను ముందు సహరచయితల పేర్లు చూస్తాను, తర్వాతే కాలేజీ. కాలేజీలు మారతారు, జతగాళ్లు అంత తొందరగా మారరు.

మనిషి ఒక్కరే అని తేలాక కూడా అంకె సగమే చెబుతుంది. కెనడాలో క్వీన్స్ యూనివర్సిటీలో సైకాలజీ ఆచార్యుడిగా పనిచేసిన జాన్ బెర్రీ 1997 వ్యాసం తీసుకోండి. పరాయి సంస్కృతిలోకి వెళ్లినవాళ్లకు నాలుగు దారులన్నాడు. డల్లాస్ వెళ్లిన పాలకొల్లు కుటుంబం ఇక్కడిదీ అక్కడిదీ రెండూ పట్టుకోవచ్చు, మనది వదిలేసి వాళ్లదే పట్టుకోవచ్చు, వాళ్లది అంటకుండా మనవాళ్లలోనే ఉండిపోవచ్చు, రెంటికీ చెడవచ్చు. దానికి ఆ సంచికలోనే రిచర్డ్ లాజరస్ వంటి సైకాలజీవాళ్లు స్పందనలు రాశారు. సాంస్కృతిక మార్పే సర్వస్వం కాదన్నది లాజరస్ వాదన. 2003లో ఫ్లాయిడ్ రడ్మిన్ అనే ఇంకో సైకాలజీ ఆయన ఆ నాలుగు దారుల పద్ధతినే గట్టిగా విమర్శించాడు. తిట్టినా మెచ్చినా సైటేషన్ ఒకటే, లెక్కలో ఒకటి పెరుగుతుంది. ఉపోద్ఘాతంలో బ్రాకెట్లో పేరు పెట్టి దాటిపోయినా అంతే.

అభ్యాసం: 1992లో జీన్ ఫిన్నీ అనే సైకాలజీ పరిశోధకురాలు జాతి అస్తిత్వాన్ని కొలిచే ప్రశ్నావళి ప్రచురించారు. దాన్ని ఉదహరించిన వ్యాసాల్లో భారతీయుల మీద జరిగినవి ఇరవై ఏరండి. ఒక్కోదానిలో ఆ పేరొచ్చిన పేరా పూర్తిగా చదివి మూడు గళ్లలో వెయ్యండి: ప్రశ్నావళిని నిజంగా వాడారు, ఊరికే పేరెత్తారు, విభేదించారు. మొదటి రచయిత ఎవరో, ఆ పేరు వెనక ఉన్నది ఒక్కరే అని ఎలా తేల్చుకున్నారో పక్కన రాయండి. రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి. యానాం వాళ్లకు ఇంకొకటి: 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న మీ ఊళ్లో, ఇప్పటికీ ఫ్రెంచి పౌరసత్వమున్న కుటుంబానికి ఆ ప్రశ్నావళి ఇస్తే ‘మీ జాతి సమూహం’ అన్నచోట ఏం రాస్తారో వాళ్లనే అడిగి చూడండి.