మూఢంలోనూ ఇల్లు గడవాలి: ఊళ్లో ఫ్రీలాన్స్ వీడియో పని

కెమెరా కొన్న కొత్తలో నేను పెళ్లిళ్లనే నమ్ముకున్నాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే ఒకే రాత్రికి ముగ్గురు అడిగేవాళ్లు. అదే ఆషాఢం వచ్చినా, మూఢం పడినా ఫోన్ మోగిందంటే ఈఎంఐ వాళ్లదే. అందుకే ముందు ఒక పంచాంగం కొనుక్కోండి, కొత్త లెన్స్ సంగతి తర్వాత చూద్దాం. ముహూర్తాలు లేని నెలలు గుర్తుపెట్టుకుని, వాటికి రెండు నెలల ముందునుంచే వేరే పనుల కోసం తిరగడం మొదలుపెట్టాలి.

మాది రాజమండ్రి. పక్కనే కడియం నర్సరీలున్నాయి, వాళ్లకు మూఢంతో పనిలేదు. ఎక్కడెక్కడినుంచో మొక్కలు కొనేవాళ్లకు వాట్సాప్‌లో పంపడానికి నిమిషం, నిమిషంన్నర వీడియోలు కావాలి. నేను మొదట వెళ్లినప్పుడు స్లోమోషన్లో నీటి చుక్కలు, పూల మీద సీతాకోకచిలుకలు తీసి తెగ మురిసిపోయాను. ఓనరు మొత్తం చూసి, "బాగుంది గానీ బాబూ, మొక్క ఎంత ఎత్తుందో ఎక్కడా తెలీట్లేదు" అన్నారు. కొనేవాడు అడిగేది అదే కదా! అప్పట్నుంచి ప్రతి మొక్క పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీస్తున్నాను, కుండీ సైజు ఆ మనిషితోనే చెప్పిస్తున్నాను. పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఫోన్లో చూసే వీడియో కాబట్టి నిలువుగా తీయండి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, తిట్లు మనకు పడతాయి.

స్కూల్ వార్షికోత్సవాలు, ఓణీల ఫంక్షన్లు, షాపు ఓపెనింగులు, అపార్టుమెంట్ల వీడియోలు, ఏది వచ్చినా మొహమాటపడకుండా ఒప్పుకోండి. అన్నింటికీ ఒకే సెట్టింగ్ మాత్రం పెట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే లైట్లు మినుకుమినుకుమనకుండా మామూలు వీడియోకు సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. స్లోమోషన్ కావాలంటే 50 ఫ్రేములు, 1/100. ఇది తెలియక ఒక స్కూల్ ఫంక్షన్ మొత్తం 1/60లో తీశాను, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే స్టేజీ లైట్లన్నీ గుడ్డి దీపాల్లా కొట్టుకుంటున్నాయి. ఎడిటింగ్‌లో నాలుగు రాత్రులు కూర్చున్నా సగమే తగ్గింది. స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ ఉంటే లైట్లన్నీ వేయించి ముందుగా ఒక నిమిషం తీసి చూసుకోండి, గీతలు కనిపిస్తే షట్టర్ కొద్దికొద్దిగా మారుస్తూ అవి పోయేదాకా చూడాలి.

ఇక పెళ్లి. బొమ్మ అటూ ఇటూ అయినా ఏదో సర్దుకోవచ్చు, శబ్దం పోతే పోయినట్టే. ముహూర్తానికి పంతులుగారి మంత్రం మెల్లగా వినిపిస్తుంటుంది, అడ్డుతెర కింద నుంచి ఇద్దరి చేతులూ జీలకర్ర బెల్లంతో పైకి లేస్తాయి, సరిగ్గా అప్పుడే గట్టిమేళం అందుకుంటుంది. మంత్రానికి సరిపోయేలా రికార్డర్ పెట్టి ఉంచితే డోలు దెబ్బకు శబ్దం మొత్తం పగిలిపోతుంది. అందుకే రెండు ట్రాకులు పెట్టుకోవాలి, ఒకటి మామూలుగా, రెండోది బాగా తగ్గించి. పంతులుగారికి కాలర్ మైక్ పెట్టడానికి అరగంట ముందే వెళ్లి, "గురువుగారూ, జీలకర్ర బెల్లం అప్పుడు మీరు ఏ పక్కనుంటారు?" అని అడగండి. నన్నొకాయన ఎగాదిగా చూసి, "నీ కెమెరాకి నేను అడ్డం రాను, నా హోమానికి నువ్వు అడ్డం రాకు" అన్నారు. మాట మీద నిలబడ్డారు కూడా. అడ్డం వచ్చేది ఎప్పుడూ ఫోన్లు పట్టుకున్న పిన్నిలూ బాబాయిలే. వాళ్లను వెనక్కి జరపమని పెళ్లికూతురి మేనమామకు ముందే చెప్పి ఉంచండి, ఆ పని మనం చేస్తే గొడవవుతుంది.

"డ్రోన్ ఉందా?" అని అడగని పార్టీ లేదు. మాకు మధురపూడిలో ఎయిర్‌పోర్టు ఉంది, కాబట్టి ఎగరేసే ముందు ప్రభుత్వం వాళ్ల డ్రోన్ మ్యాప్ డిజిటల్ స్కైలో ఆ చోటు ఏ జోన్లో ఉందో చూస్తాను, రెడ్ అయితే ఒప్పుకోను. 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరుండాలి, డబ్బు తీసుకుని ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కూడా కావాలి. అవి లేకపోతే ఉన్నవాణ్ణి పిలిచి ఆ డబ్బులు అతనికే ఇచ్చేయండి.

100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన తీస్తే గంటకు 45 జీబీ. 128 జీబీ కార్డు మూడు గంటలు కూడా రాదు, భోజనాల టైముకే నిండిపోతుంది. రెండు కార్డులు పట్టే కెమెరా అయితే రెండింట్లోనూ ఒకేసారి రికార్డు పెట్టండి. ఇంటికెళ్లగానే రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. కార్డులు మాత్రం ఫుల్ వీడియో వాళ్ల చేతికి అందేదాకా ఫార్మాట్ చేయొద్దు.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి. నేను డేటు ఇచ్చేటప్పుడు సగం, పెళ్లి ముందురోజు ముప్పై శాతం, మిగతా ఇరవై ఫుల్ వీడియో ఇచ్చేటప్పుడు తీసుకుంటాను. ఎన్ని కెమెరాలు, హైలైట్స్ ఎన్ని నిమిషాలు, మార్పులు ఎన్నిసార్లు, పెన్‌డ్రైవ్ ఎవరిది, అన్నీ వాట్సాప్‌లో రాసి పంపి "ఓకే" అనిపించుకుంటాను. చుట్టాలైనా సరే! ఒకసారి మా దూరపు బావగారి ఇంట్లో పెళ్లికి ఇవేం అడగలేదు. టీజర్ చూసి ఫోన్ చేసి మెచ్చుకున్నారు, ఊరంతా చూపించారు. ఆ తర్వాత మిగతా డబ్బులు అడిగినప్పుడల్లా, "నువ్వు మనవాడివే కదరా, ఎక్కడికి పోతాయి" అంటున్నారు. ఇప్పటికీ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి.