సీసీ రోడ్డు పోస్తున్నారా? కటింగ్ మిషన్ వచ్చాకే మొదలుపెట్టండి

మొన్న పక్క ఊళ్లో పోసిన సీసీ రోడ్డు వారం తిరక్కుండానే అడ్డంగా బీటలు వారింది. సిమెంటు తక్కువేశారని ఊరంతా తిట్టుకుంటున్నారు. దగ్గరికెళ్లి చూస్తే బీటకు అడుగు దూరంలో కటింగ్ మిషన్ బ్లేడుతో రోడ్డుకు అడ్డంగా నున్నగా కోసిన గీత, లోపల చిన్న పగులు కూడా లేదు. బీట పడ్డాక కోశారన్నమాట. మార్చి బిల్లుల తొందరలో, ఎండల్లో ఇంకెన్ని రోడ్లు పోస్తారో!

తడపమని, నీళ్లెక్కువ కలపొద్దని అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒకటే: కటింగ్ రేపటికి వాయిదా వేయొద్దు.

పగలంతా ఎండకీ, సిమెంటు పుట్టించే వేడికీ కాంక్రీటు కాగి ఉంటుంది. పొద్దుగూకాక చల్లబడి ముడుచుకోబోతే కింద నేల పట్టి ఉంచుతుంది. ఆ లాగుడు ఓర్చుకునే బలం దానికింకా రాదు. గీత ఉంటే గీత అడుగునే చీలుతుంది, ఎవరికీ కనబడదు. లేకపోతే దానిష్టం. ఆ తర్వాత ఎంత కోసినా డీజిల్ దండగ.

ఎండాకాలంలో పోసిన నాలుగు గంటల నుంచే చూసుకోవాలి, చలికాలంలో పన్నెండు దాకా పట్టొచ్చు. గడియారాన్ని నమ్మకుండా ఓ చోట జానెడు కోసి చూడండి. అంచున కంకర ఊడొస్తే అరగంట ఆగండి. బ్లేడు కంకరను కోసుకుంటూ పోయి అంచు నిలబడితే కోతకొచ్చినట్టే. పొద్దున ఏడింటికి పోసింది మధ్యాహ్నానికే కోతకు రావచ్చు. ‘రేపు పొద్దున్నే కోస్తాం సార్’ అంటాడు మేస్త్రి. నాలుగూళ్లకు ఒకే మిషన్ కావడమే అసలు సంగతి. ఒప్పుకోకండి.

లోతు మందంలో మూడో వంతు, కనీసం నాలుగో వంతు. ఆరంగుళాల రోడ్డుకు రెండంగుళాలు. అరంగుళం గీత ముగ్గుతో సమానం. స్కేలు పెట్టి కొలవండి, బ్లేడు అరిగితే లోతు తగ్గుతుంది.

ఆరంగుళాల మందానికి గీతకూ గీతకూ మధ్య పన్నెండడుగులు దాటొద్దు.

ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోయాలి.

ఆలస్యమైపోతుంటే మూడు గీతలకొకటి ముందు కోసేసి, మధ్యవి తర్వాత.

స్పేర్ బ్లేడు, రాత్రికి లైట్లు దగ్గరుండాలి.

కోసిన బురద ఆరకముందే కడిగి, గోనెపట్టాలు మళ్లీ కప్పండి.

ఇదంతా నేలమీద పోసే రోడ్లకు, కల్లాలకు, గోదాం ఫ్లోర్లకు. ఇంటి పైకప్పు స్లాబు మీద బ్లేడు పెట్టారో, లోపలి కడ్డీలు తెగుతాయి.

మిషన్ రాలేదా? కాంక్రీటు బండి వెనక్కి పంపండి.