మిల్లు మోటారుకు వి-బెల్టు బిగించడం ఎలా?

మిర్యాలగూడ మిల్లుల్లో బెల్టు కీచుమంటే చాలు, మోటారును ఇంకాస్త వెనక్కి లాగి బిగించేస్తారు. నాలుగు రోజులకు బేరింగ్ కాలితే తిట్లు మాత్రం బేరింగ్ అమ్మినవాడికి.

ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టడం నాకు నచ్చదు, వాడు టీకి పోతాడు. స్పానర్, మేస్త్రి దారం, స్కేలు చాలు. పాత బెల్టు మీద బి-56 అని ఉంటే అదే తేవాలి. బి అంటే పైవెడల్పు 17 మిల్లీమీటర్లు, 56 అంటే లోపలి చుట్టుకొలత అంగుళాల్లో. పక్కపక్కనే మూడు బెల్టులుంటే, ఒకటి తెగినా మూడూ మార్చాలి. పాతవి సాగి ఉంటాయి, లోడంతా కొత్తదాని మీదే పడుతుంది.

మోటారు బోల్టులు వదులు చేసి ముందుకు జరిపి, బెల్టును చేత్తో తొడగండి. స్క్రూడ్రైవర్‌తో మీటి ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి, పైకేమీ కనపడదు.

పుల్లీ, అంటే బెల్టు తిరిగే చక్రం, గాడుల్లో తవుడు తుడిచి చూడండి. వి-బెల్టు పట్టేది పక్కలతో, అడుగుతో కాదు. గాడి అడుగు తళతళ మెరుస్తోందంటే పుల్లీ అరిగింది, ఎంత బిగించినా జారుతుంది.

ఇక టెన్షన్, అంటే బెల్టు బిగువు. ఇక్కడే అందరూ చెడగొడతారు. మోటారును కొద్దిగా వెనక్కి జరిపి, పుల్లీని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి, బెల్టు గాడిలో కూర్చోవాలి. తర్వాత రెండు పుల్లీల నడిమధ్య బెల్టును బొటనవేలితో గట్టిగా నొక్కండి. ఒళ్ళంతా వేసి కాదు, వేలితోనే. పుల్లీల మధ్య బెల్టు మీటరు పొడవుంటే సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి, 80 సెంటీమీటర్లయితే 13. స్కేలు పెట్టి చూడండి, కంటి అంచనా వద్దు. వీణ తీగలా మోగితే బేరింగ్‌కు మూడినట్టే.

ఒకవైపు బోల్టు పూర్తిగా బిగించి రెండోవైపు పోతే మోటారు వంకర తిరుగుతుంది. అటు కాస్త, ఇటు కాస్త బిగించండి. ఆఖరి బోల్టు అయ్యాక రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగి చూడండి, ఒక్కో పుల్లీకి రెండు అంచుల చొప్పున నాలుగు చోట్లా ఆనాలి. ఆనకపోతే బోల్టులు విప్పి మళ్ళీ మొదటి నుంచి. విసుగే, కానీ వంకరగా నడిచే బెల్టు ఒక పక్కే అరుగుతుంది.

జారుతోందని రోజనం పొడి చల్లేవాళ్ళున్నారు. అది తవుడుతో కలిసి గాడిలో గట్టిపడుతుంది, అంతే.

బెల్టును కప్పే జాలీ బిగించి నడపండి. కొత్త బెల్టు మొదటి రోజు కొంత సాగుతుంది కాబట్టి మర్నాడు ఫ్యూజులు మళ్ళీ జేబులోకి, వేలు మళ్ళీ బెల్టు మీదికి.