కొట్టాడు కాదు, కొట్టబోయాడు

టెక్స్ట్ రోల్‌ప్లే అంటే ఆన్‌లైన్‌లో తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా పోస్టులు రాస్తూ కథ నడిపే ఆట. దీంట్లోకి కొత్తగా వచ్చేవాళ్లకు మొదటి టెన్షన్ రాత గురించే. వర్ణనలు బాగా రావాలేమో, పేజీలు పేజీలు రాయాలేమో అని. రాత అంతంతమాత్రంగా ఉన్నా జనం మీతో ఆడతారు, అచ్చుతప్పులు ఉన్నా ఆడతారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో మాత్రం రెండోసారి ఎవరూ ఆడరు.

అలాంటి మనిషి అనిపించుకోకుండా ఉండటానికి పెద్ద రూల్ బుక్కేం అక్కర్లేదు. మీ పాత్ర ఏం చేయబోయిందో మీరు రాయండి, దానివల్ల ఎదుటి పాత్రకు ఏమైందో ఆ పాత్రను నడిపేవాళ్లు రాస్తారు.

భైరవుడు మీ పాత్ర, మల్లిక నా పాత్ర అనుకుందాం. ఇద్దరికీ గొడవ. మీరు ఇలా రాశారు:

"భైరవుడు మెరుపులా దూకి మల్లిక చేతిలో కత్తిని ఎగరగొట్టాడు. ఆమె వణుకుతూ గోడకు జారగిలబడింది."

చదవడానికి బాగానే ఉంది, కానీ ఇక నేను చేయడానికేం మిగిలింది? కత్తి పోగొట్టింది మీరే, భయపెట్టింది మీరే, గోడ దగ్గరికి చేర్చిందీ మీరే, నాకు చప్పట్లు కొట్టడం తప్ప పనిలేదు. దీన్నే పవర్‌ప్లే అంటారు. ఇప్పుడు ఇది చూడండి:

"భైరవుడు ముందుకు దూకి, మల్లిక మణికట్టుకు గురిపెట్టి కత్తి పిడితో కొట్టబోయాడు. ఆ ఊపులో అతని ఎడమ పక్కన కాపు లేకుండా పోయింది."

ఇప్పుడు దెబ్బ తిని కత్తి వదిలేయొచ్చు, పక్కకు తప్పుకోవచ్చు, లేదంటే ఆ ఎడమ పక్క చూసుకుని ఒక తన్ను తన్నొచ్చు. మీరేమో ఎటు తిరుగుతుందా అని నా పోస్టు కోసం ఎదురుచూస్తారు, ఆటంటే అదే కదా. 'కొట్టాడు'కీ 'కొట్టబోయాడు'కీ మధ్య ఉన్న ఆ చిన్న 'బో'లోనే సగం మర్యాద ఉంది. తెలుగులో ఆడేవాళ్లకు ఇది భలే సౌకర్యం, ఒక్క చిన్న ముక్కతో పని అయిపోతుంది.

పవర్‌ప్లే కొట్లాటల్లోనే ఉంటుందనుకోకండి. "అతను లోపలికి రాగానే అందరి చూపులూ అతని మీదే పడ్డాయి, ఆ కళ్లు చూసి అందరికీ గుండె ఆగినంత పనైంది" అని రాస్తారు కొందరు. నా పాత్ర అప్పుడు బూట్ల లేసు కట్టుకుంటోంది, దాని గుండెకేం కాలేదు. మీవాడు అందగాడైతే ఎలా ఉంటాడో వర్ణించండి చాలు, పడిపోవాలో లేదో మేం చూసుకుంటాం.

దీనికి అన్న లాంటిది గాడ్‌మోడింగ్, అంటే ఎన్ని దెబ్బలేసినా ఒక్కటీ తగలని పాత్ర. బాణం వేస్తే వంగుతాడు, విషం పెడితే ముందే విరుగుడు తాగి ఉంటాడు, గదిలో పెట్టి తాళం వేస్తే మారుతాళం జేబులోనే ఉంటుంది. కొందరు ఈ రెండు మాటల్నీ కలిపేసి వాడతారు, వాదన అనవసరం, రెండూ చిరాకే. నా లెక్క ఏంటంటే, ఎదుటివాళ్లు మూడు దెబ్బలు వేస్తే కనీసం ఒకటి తినండి, తిన్నాక రెండు పోస్టుల తర్వాత కూడా ఆ చెయ్యి నొప్పి పెడుతూనే ఉండాలి. ఓడిపోయే పాత్రలే ఎక్కువ గుర్తుంటాయని నాకు గట్టి నమ్మకం, ఒప్పుకోకపోతే మీ ఇష్టం. ఎవరూ తగ్గట్లేదంటే పాచికలు వేసుకోండి. 20 ముఖాల పాచికను చాట్ బాట్‌తో అందరి ముందే వేయండి, "నేను ఇక్కడ వేశాను, 19 పడింది" అంటే ఎవరు నమ్ముతారు? ఇంకోటి, 1 పడితే మళ్లీ వేస్తాననకూడదు.

ఇక మెటాగేమింగ్, అంటే మీకు తెలిసిందంతా మీ పాత్రకూ తెలిసిపోవడం. దీంట్లో నేనే దొరికిపోయాను. ఒకసారి నాది గూఢచారి పాత్ర, వేరే ఆటగాడి మంత్రి రహస్యంగా శత్రువులకు ఉత్తరాలు రాస్తుంటాడు. ఆ సంగతి అతని ప్రొఫైల్‌లో ఉంది, నేను చదివాను. కథలో మాత్రం మా ఇద్దరికీ పరిచయం కూడా లేదు. అయినా మొదటి సీన్‌లోనే నా గూఢచారి "ఎందుకో అనుమానం వచ్చి" సరిగ్గా ఆ సొరుగే తెరిచాడు. నేను తెలివిగా చేశాననుకున్నాను. అతను డబుల్ బ్రాకెట్లలో, అంటే కథ బయటి మాటగా, ఒక్క లైను రాశాడు: "((ఆ సొరుగు కోసం మూడు నెలలుగా కథ అల్లుతున్నాను.))" సిగ్గేసి ఆ పోస్టు తీసేసి, సారీ చెప్పి, నా గూఢచారిని సంతకు పంపించేశాను. అప్పటి నుంచి నాకో అలవాటు, పాత్ర చేత ఏదైనా కనిపెట్టించే ముందు ఇది దీనికి ఏ పోస్టులో తెలిసిందీ అని నన్ను నేనే అడుగుతాను. ఆ పోస్టు చూపించలేకపోతే దానికి తెలీదన్నట్టే.

పాత్ర మనసులో మాటలు కూడా ఇంతే. "ఈ మల్లిక ఎంత తెలివితక్కువదో అనుకున్నాడు భైరవుడు" అని ప్రతి పోస్టులోనూ రాస్తే నా పాత్ర దానికి బదులివ్వలేదు, ఎందుకంటే అది వినలేదు కదా. తిట్టాలనుంటే పైకి తిట్టించండి, అప్పుడు నేనూ తిట్టిస్తాను.

మాటలే కదా, ఇంత పట్టింపు ఎందుకు అనేవాళ్లుంటారు. లాంబ్డామూ అని 1990లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన టెక్స్ట్ ప్రపంచం ఒకటుంది. 1993లో అక్కడ ఒక ఆటగాడు వూడూ బొమ్మ అనే ప్రోగ్రామ్‌తో, అందరూ ఉన్న గదిలో వేరేవాళ్ల పాత్రలు అసహ్యమైన పనులు చేస్తున్నట్టు వాక్యాలు పుట్టించాడు. తెర మీద కనిపించింది అక్షరాలే, కానీ ఆ పాత్రల వెనక ఉన్నవాళ్లు నిజంగానే బాధపడ్డారు. పెద్ద చర్చ నడిచి, చివరికి అతని అకౌంట్ తీసేశారు, తర్వాత ఆటగాళ్లే ప్రతిపాదనలు పెట్టి ఓటేసే పద్ధతి తెచ్చారు. అడగకుండా ఇంకొకరి పాత్రను ఆడించడం ముదిరితే ఎక్కడిదాకా పోతుందో అక్కడ తెలిసింది.

అందుకే చిత్రహింసలు, చావు, ప్రేమ సీన్లు లాంటివి మొదలుపెట్టే ముందు పాత్రలు పక్కనపెట్టి మామూలు మనుషుల్లా మాట్లాడుకోండి. ఇలా బయట మాట్లాడుకునేదాన్ని ఓఓసీ (అవుట్ ఆఫ్ క్యారెక్టర్) అంటారు, కథలోదేమో ఐసీ (ఇన్ క్యారెక్టర్). "నీ పాత్ర చెయ్యి విరగ్గొట్టొచ్చా?" అని అడిగితే థ్రిల్ ఏమీ పోదు, చాలాసార్లు "చెయ్యెందుకు, కాలు విరగ్గొట్టు, కథకు పనికొస్తుంది" అంటారు. వద్దంటే వద్దు, కారణం అడక్కండి. సీన్ మధ్యలో ఇబ్బందిగా ఉందన్నా అక్కడితో తెర దించేసి "మర్నాడు ఉదయం" అని మొదలుపెట్టండి. 18 ఏళ్లు నిండనివాళ్లతో, లేదా వయసు తెలియనివాళ్లతో పెద్దల సీన్లు వద్దే వద్దు, ఇందులో బేరాల్లేవు.

పాత్ర మీద కోపం మనిషి మీదికి పాకడం కూడా మామూలే. మీవాడు నా మల్లికను మోసం చేశాడని నేను మీ మీద రెండు రోజులు ముభావంగా ఉంటే తప్పు నాదే. విలన్ వేసేవాళ్లను అప్పుడప్పుడూ ఓఓసీలో "సీన్ అదిరింది" అని పలకరించండి, పాపం వాళ్లకు కథంతా తిట్లే.

చిన్నచిన్నవి కొన్ని ఉన్నాయి. ముగ్గురు నలుగురు ఆడుతుంటే వంతు తప్పకండి, మీరిద్దరూ ఆన్‌లైన్‌లో ఉన్నారని రాత్రికి రాత్రి పాతిక పోస్టులు వేసేస్తే పొద్దున లేచిన మూడోవాడికి ఆడటానికేం మిగలదు. ఎదుటివాళ్లు నాలుగు లైన్లు రాస్తే మీరూ దాదాపు అంతే రాయండి, మరీ "అతను నవ్వాడు" అని వదిలేయకండి, దానికి ఎవరైనా ఏం బదులిస్తారు? పోస్టు చివర ఒక ప్రశ్నో, తలుపు చప్పుడో, ఏదో ఒకటి అవతలివాళ్లు అందుకోవడానికి ఉంచండి. ఆటను చూసుకునే మోడరేటర్ ఒక మాట తేల్చాక దాని మీద గంటసేపు లాయర్‌లా వాదించకండి.

చెప్పకుండా మాయమవడం మాత్రం చిన్నది కాదు. నేను ఎదురుచూసిన ఒక సీన్‌లో నా పాత్ర కొండ అంచున వేలాడుతోంది, చెయ్యి అందించాల్సిన ఆటగాడు మూడు వారాలు పత్తా లేడు. పరీక్షలట. అతను చదువుకున్నందుకు నాకేం కోపం లేదు, చెప్పి ఉంటే వేరేవాళ్లతో తాడు వేయించుకునేదాన్ని. విసుగొచ్చి మానేయాలనిపించినా ఫర్వాలేదు, ఆ ముక్క చెప్పి మానేయండి. వెళ్లే ముందు ఇలా ఒక్క లైను పడేస్తే చాలు:

"((వారం రోజులు రాలేను. మల్లిక జ్వరంతో పై గదిలో పడుకుని ఉందనుకోండి. తనను కదిలించకండి, కానీ గది తాళంచెవి గుమ్మం పక్కనే ఉంది, ఎవరికైనా కావాలంటే తీసుకోవచ్చు.))"