గేట్లు మూసి ఉన్నాయని డ్యాం కిందికి దిగకండి

శ్రీశైలం గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, నాగార్జునసాగర్ దారి కార్లతో నిండిపోతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు, అంచున సెల్ఫీలొద్దు లాంటివి మళ్లీ చెప్పను. జనం ప్రాణాల మీదికి తెచ్చే తప్పు ఒకటుంది. అది చెబుతాను.

గేట్లు ఎత్తిన రోజు అందరికీ భయం ఉంటుంది, పోలీసులూ ఉంటారు. అసలు గండం గేట్లు మూసి ఉన్న రోజునే. సాగర్ 26 గేట్లూ మూసే ఉన్నాయి, కింద బండలు ఎండలో మెరుస్తున్నాయి, నీళ్లు మోకాలి లోతు. ఇంకేం, దిగుతారు. కానీ కరెంటు తయారయ్యే నీళ్లు ఆ గేట్ల గుండా రావు. పెద్ద పైపుల్లోంచి టర్బైన్లకు వెళ్లి, అడుగు నుంచి నదిలో కలుస్తాయి. సాయంత్రం కరెంటు వాడకం పెరిగితే నిమిషాల్లో టర్బైన్ ఆన్ అవుతుంది. పైన చుక్క వాన పడక్కర్లేదు. బండ మీది తడి గీత మునుగుతుంది, పుల్లలు, నురగ కొట్టుకొస్తాయి, నీళ్ల రంగు మారుతుంది. మీరు గమనించేసరికి ఒడ్డుకు దారి ఉండదు.

2014 జూన్ 8న హిమాచల్‌లో, బియాస్ నదిలో, హైదరాబాద్ నుంచి టూర్‌కెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యాం నుంచి వదిలిన నీళ్లవి. అక్కడ కరెంటు ఉత్పత్తి తగ్గించి, ఆ నీటిని గేట్ల గుండా వదిలారు. అంటే ఉత్పత్తి పెంచినా ముప్పే, తగ్గించినా ముప్పే. కింద నిలబడ్డవాళ్లకు ఏదీ తెలియదు.

కాబట్టి గేట్లు మూసి ఉన్నాయని దిగకండి. నిన్న దిగాం, ఏమీ కాలేదు అన్నా దిగకండి.

సైరన్ వినిపిస్తే చెప్పులు, బ్యాగులు వెతకొద్దు. నది వెంట పరుగెత్తొద్దు, పక్కకు తిరిగి గట్టెక్కండి. బండ మీద చిక్కుకుంటే ఎత్తైన చోట ఉండి 112కి ఫోన్ చెయ్యండి, ఈదాలని చూడొద్దు. ఎవరైనా పడితే వెనకే దూకొద్దు, తాడో ఖాళీ క్యానో విసరండి.

రిజర్వాయర్ వైపూ అంతే. నీటిమట్టం తగ్గాక తేలిన ఒండ్రు పైన పగుళ్లిచ్చి గట్టిగా కనిపిస్తుంది, అడుగున మెత్తటి బురద. దాని మీద నడవొద్దు. హైదరాబాద్‌కు తాగునీళ్లు తోడే పుట్టంగండి వైపు ఈత వద్దు, బండ్లు కడగొద్దు. మందు తాగి నీళ్ల దగ్గరికి రావొద్దు. పుట్టిలో వెళ్లేవాళ్లు పవర్‌హౌస్‌కు నీళ్లు లాగే చోటికి పోవొద్దు, వల కొట్టుకుపోతే పోనివ్వండి.