చర్మ వైద్యుని చీటీ, ట్యూబు, రిపోర్టు: చదివి అర్థం చేసుకోవడం ఎలా?

చర్మ వ్యాధుల విభాగం పక్కనున్న మందుల కౌంటరులో చాలా ఏళ్లు పనిచేశాను. చీటీని మడత కూడా విప్పకుండా చేతికిచ్చి, "దురద తగ్గే పూత ఏదైనా ఇవ్వండి" అని అడిగేవారిని రోజూ చూశాను. వారిలో చాలామంది చదువుకున్నవారే. ఆ కాగితం మీది మాటలు వైద్యులకే గాని తమకు కావని అనుకోవడమే అసలు చిక్కు. నిజానికి చర్మం విషయంలో ఇంటికి అవసరమైన పదాలు ఒక చిన్న నోటుపుస్తకంలో పట్టేటన్ని మాత్రమే ఉంటాయి, వాటిని తెలుసుకోకపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం ఏళ్ల తరబడి ఒంటి మీద ఉండిపోతుంది.

కావలసినవి: రూళ్ల నోటుపుస్తకం, నీలం పెన్ను, పగటి వెలుతురు, చిన్న అక్షరాలు ఆననివారికి భూతద్దం. ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంటే చాలదు. చేత్తో రాసుకున్న పేరే గుర్తుంటుంది, కాబట్టి రాసుకునే తీరాలి.

మొదటి మెట్టు: జబ్బు పేరు

చీటీ పై భాగంలో, మందుల కంటే ముందు, జబ్బు పేరు ఉంటుంది. 'టినియా' అంటే శిలీంధ్రం వల్ల వచ్చే తామర. దాని పక్కన ఉన్న మాట చోటును చెబుతుంది: కార్పొరిస్ అంటే ఒళ్లు, క్రూరిస్ అంటే గజ్జలు, పెడిస్ అంటే పాదాలు, కాపిటిస్ అంటే తల. టినియా వెర్సికలర్ అంటే శోభి. స్కేబీస్ అంటే గజ్జి, విటిలిగో అంటే బొల్లి, మెలాస్మా అంటే మంగు, అలోపీసియా ఏరియేటా అంటే పేనుకొరుకుడు, అర్టికేరియా అంటే దద్దుర్లు, వెరూకా అంటే పులిపిరి. మచ్చ తీరును చెప్పే మాటలూ తేలికే. చర్మంతో సమంగా ఉంటే మాక్యూల్, చిన్నగా ఉబ్బితే పాప్యూల్, వెడల్పుగా ఉబ్బితే ప్లాక్, నీరు పడితే వెసికిల్, చీము పడితే పస్ట్యూల్. గోకి గోకి చర్మం మందమెక్కితే లైకెనిఫికేషన్ అంటారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో టినియానీ తామర అంటారు, ఎగ్జిమానీ (శిలీంధ్రం వల్ల కాకుండా చర్మం వాచి దురద పెట్టే జబ్బు) తామర అంటారు. రెండింటికీ దురదే, రెండూ ఎర్రబడేవే, కానీ వాటి చికిత్సలు ఒకదానికొకటి ఎదురు. ఎగ్జిమాకు స్టెరాయిడ్ పూత, అంటే వాపు, ఎరుపు, దురదలను అణిచే మందు, ఉపశమనం ఇస్తుంది. అదే పూతను టినియా మీద రాస్తే శిలీంధ్రం మరింత పెరుగుతుంది. కాబట్టి 'తామర' అని రాసి ఊరుకోకుండా, చీటీ మీద ఉన్న వైద్య నామాన్ని యథాతథంగా తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలోకి ఎక్కించాలి.

రెండో మెట్టు: ఎప్పుడు, ఎన్నిసార్లు

ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే, ఎల్ఏ అంటే పైపూత. ఎన్ని రోజులన్నది చీటీలో కనిపించకపోతే వైద్యుని గది దాటకముందే అడిగి రాయించుకోవాలి.

మూడో మెట్టు: ట్యూబు మీద చిన్న అక్షరాలు

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఈ మెట్టు దగ్గర నిదానించాలి.

ట్యూబు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాన్ని పక్కన పెట్టి, దాని కింద చీమల బారులా ఉండే రసాయన నామాలను మాత్రమే చదవాలి. పక్కన వాటి శాతాలు కూడా ఉంటాయి. ఆ వరుసలోని పేర్లను తోకను బట్టి వేరుచేయాలి. 'కొనజోల్'తో ముగిసేవి శిలీంధ్రాన్ని చంపేవి: కీటోకొనజోల్, లులికొనజోల్, సెర్టాకొనజోల్. టెర్బినఫిన్, అమోరోల్ఫిన్ కూడా ఆ జట్టువే. 'సోన్', 'లోన్', 'నైడ్' తోకలున్నవి దాదాపు అన్నీ స్టెరాయిడ్లు: బీటామెథసోన్, మొమెటసోన్, హైడ్రోకార్టిసోన్, ఫ్లూఓసినోలోన్, ట్రయామ్సినోలోన్, డెసోనైడ్.

తోక సూత్రానికి లొంగని పేరు ఒకటుంది, ఎక్కువమందిని ముంచేది అదే. క్లోబెటాసోల్, క్లోట్రిమజోల్ అనే రెండు పేర్లను పక్కపక్కన రాసి చూడండి. రెండూ 'క్లో'తో మొదలవుతాయి, రెండూ 'ఓల్' శబ్దంతో ముగుస్తాయి. క్లోట్రిమజోల్ తామరకు రాసే పాత, నమ్మకమైన మందు. క్లోబెటాసోల్ ప్రొపియొనేట్ పూత స్టెరాయిడ్లలోకెల్లా అత్యంత తీవ్రమైన వర్గానికి చెందినది, అందుకే 0.05 శాతమే ఉన్నా దాని పని గట్టిగా ఉంటుంది. రెంటినీ ఒకే మందని పొరబడిన వారిని నేను లెక్కపెట్టలేను. మధ్యలోని 'బెటా', 'ట్రిమ' అన్న అక్షరాలను వేలితో చూపిస్తూ పైకి చదవండి. మనసులో చదివితే కన్ను దాటిపోతుంది.

ఒకసారి ఒక తల్లి పద్దెనిమిదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయి తొడ లోపలి భాగంలో, చంకల్లో ఎర్రటి చారలు, చర్మం సాగి చిట్లినట్టు. చెయ్యి పెడితే పల్చటి కాగితంలా అనిపించింది. ఎనిమిది నెలలుగా రాస్తున్న ట్యూబును ఆ తల్లి కొంగు ముడి విప్పి నా ముందు పెట్టారు. అడుగు భాగం చివరి దాకా చుట్ట చుట్టి ఉంది. చిన్న అక్షరాల వరుసలో నాలుగు పేర్లు: క్లోబెటాసోల్, ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. "తామర మందే కదండీ, రాసిన మూడో రోజుకే తగ్గేది" అన్నారామె. తగ్గింది దురద మాత్రమే. స్టెరాయిడ్ చర్మపు ప్రతిస్పందనను అణిచేస్తుంది కాబట్టి ఎరుపు, దురద మాయమవుతాయి, శిలీంధ్రం మాత్రం అడ్డులేకుండా పాకుతుంది, తామరకు గుర్తయిన గుండ్రటి అంచు కూడా చెదిరిపోతుంది. ఇలా రూపం మారిన తామరను టినియా ఇన్‌కాగ్నిటో అంటారు. ఆ చారలు ఇక పూర్తిగా పోవు. ఆ మాట ఆ తల్లికి చెప్పవలసి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో నిబంధనలు బిగించారు. అదే సంవత్సరం నిషేధించిన 328 మందుల కలయికల్లో ఇలాంటి పూతలూ ఉన్నాయి. అయినా దుకాణంలో 'తామర ట్యూబు' అని అడిగితే చేతికొచ్చేది ఇంకా కలయిక మందే కావచ్చు. ముఖానికి వాడే మంగు మందుల్లోనూ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో పాటు మూడోదిగా మొమెటసోన్ లేదా ఫ్లూఓసినోలోన్ ఉండవచ్చు. దాన్ని తెల్లబడే క్రీముగా నెలల తరబడి రాసుకుంటే ముఖం ఎర్రబడి, మొటిమలు లేచి, ఎండ తగిలితే మండే స్థితికి వస్తుంది. ఇంత చదివి, ఎప్పటి నుంచో రాస్తున్న ట్యూబును ఇవాళే విసిరేయకండి. ఒక్కసారిగా ఆపితే చర్మం తిరగబడుతుంది, ఎలా తగ్గించుకుంటూ ఆపాలో వైద్యుడే చెప్పాలి. అలాగని స్టెరాయిడ్ అనగానే భయపడి, ఎగ్జిమాకో సోరియాసిస్‌కో వైద్యుడు రాసిన మందును మానేయడం కూడా తప్పే.

కొందరు మచ్చను ఫోటో తీసి, ఫోనులోని బొమ్మలతో పోల్చుకుని జబ్బు తేల్చుకుంటారు. ఆ బొమ్మల్లో చాలా భాగం తెల్లని చర్మానివి. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు ఊదాగానో, గోధుమ రంగుగానో కనిపిస్తుంది కాబట్టి పోలిక కుదరదు. పేరు చదివే పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. ఏ రంగు చర్మానికైనా క్లోబెటాసోల్ క్లోబెటాసోలే.

నాలుగో మెట్టు: పరీక్షలు

కేఓహెచ్ పరీక్ష అంటే మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో శిలీంధ్రపు పోగుల కోసం వెతకడం. ముందే ఏదైనా శిలీంధ్రపు మందు రాసి ఉంటే జబ్బు ఉన్నా 'నెగెటివ్' రావచ్చు, కాబట్టి ఏం రాశారో దాచకుండా చెప్పాలి. వుడ్స్ ల్యాంప్ అంటే చీకటి గదిలో అతినీలలోహిత కాంతితో చూడడం. బొల్లి మచ్చ అందులో నీలి తెలుపుగా మెరుస్తుంది. ప్యాచ్ పరీక్షలో కుంకుమ, జుట్టు రంగు, చెప్పుల రబ్బరు వంటి వాటిలోని పదార్థాలను వీపుకు అంటించి 48 గంటలకు విప్పి చూస్తారు, మళ్లీ 96 గంటలకు చూస్తారు. ఆ మధ్యలో వీపు తడవకూడదు. పంచ్ బయాప్సీ అంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల చర్మపు ముక్కను తీసి పరీక్షించడం. ఆ మాట వినగానే క్యాన్సర్ అనుకుని కుప్పకూలిన వారున్నారు. లైకెన్ ప్లానస్, సోరియాసిస్ వంటి క్యాన్సర్ కాని చర్మ వ్యాధులను నిర్ధారించుకోవడానికీ బయాప్సీ చేస్తారు. రిపోర్టు చివర 'సజెస్టివ్ ఆఫ్' అని ఉంటే ఆ జబ్బు కావచ్చునని సూచన మాత్రమే, తీర్పు కాదు.

ఐదో మెట్టు: ఎంత రాయాలి

'ఫింగర్‌టిప్ యూనిట్' అంటే పెద్దవారి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండిన మందు. అది సుమారు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. గజ్జికి రాసే 5 శాతం పర్మెత్రిన్‌కు ఈ లెక్క కుదరదు. దాన్ని మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులతో సహా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, సాధారణంగా వారం తర్వాత మరోసారి రాయాలి. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుని మాట ప్రకారమే నడుచుకోవాలి.

అయిపోయిన ట్యూబును పారేయకుండా, పేజీ మీద పేరు ఎక్కించి, తేదీ వేసి, ఖాళీ ట్యూబును ఒక కవరులో పెట్టి నోటుపుస్తకంతో పాటు తర్వాతిసారి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. "ఇంతకుముందు ఏం వాడారు?" అని వైద్యుడు అడిగినప్పుడు, తెల్లటి ట్యూబు, నీలం మూత అని చెప్పకుండా దాన్నే బల్ల మీద పెట్టండి.