ఉప్పుగాలి ఊళ్లో ఎండుమిర్చి: వానలకు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నంలో మిరపకాయలు ఎండబెట్టడం గుంటూరు కళ్లంలో ఎండబెట్టినట్టు కాదు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద కాలు పెట్టలేనంత వేడి ఉన్నా గాలి మాత్రం ఒళ్లంతా తడిపేస్తుంది. మన ఒంటిమీది చెమటే ఆరని గాలిలో మిరపకాయ అంత తేలిగ్గా ఎలా ఆరుతుంది? పగలంతా కాయలోంచి పోయిన తడిలో కొంత రాత్రికి రాత్రే మళ్లీ చేరిపోతుంది. ఈ సంగతి తెలియక నేను మొదటి ఏడాది కాయలను వారం రోజులు డాబా మీదే వదిలేశాను. ఎనిమిదో రోజున కూడా తోలు సంచిలా వంగుతున్నాయి. అమ్మినవాడిని తిట్టుకున్నాను గానీ తప్పు నాదే.

ఉదయం మంచు తడి ఆరాక, తొమ్మిది గంటల వేళ ఆరబోయండి. నాలుగు కొట్టేసరికి ఎత్తేయండి. ఎండ ఇంకా ఉంది కదా అని సాయంత్రం దాకా ఆగితే సముద్రపు గాలికి అప్పగించినట్టే. ఇంట్లోకి తెచ్చాక ఏం చేయాలన్నది కాయ స్థితిని బట్టి ఉంటుంది. ఇంకా పచ్చిగా ఉంటే మూత పెట్టకూడదు, గదిలో పలచగా పరిచి ఫ్యాను వేయాలి. దాదాపు ఎండినవైతే వేడి చల్లారనిచ్చి, రాత్రికి స్టీలు డబ్బాలో పోసి మూత బిగించాలి. వేడిగా ఉండగానే మూసేస్తే డబ్బా లోపలే ఆవిరి పట్టి, ఆ రోజు పడిన శ్రమంతా వృథా అవుతుంది.

నేల మీద పాలిథిన్ పట్ట వద్దు. దాని మీద కాయల అడుగున చెమ్మ పడుతుంది. నులక మంచం ఉన్నవారు అదృష్టవంతులు, కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. లేనివారు పాత నేత చీర పరుచుకోండి. మే నెలలో మధ్యాహ్నం దాటాక ఉరుము వినబడితే నాలుగు మూలలూ పట్టి ఎత్తగానే మూట అయిపోతుంది. న్యూస్‌పేపరు మాత్రం పరవకండి. అచ్చు సిరా తినే వస్తువుకు తగలకూడదు. వన్ టౌన్ వైపు ఉండేవారికి డాబా మీద చేరే నల్లటి దుమ్ము గురించి నేను చెప్పనవసరం లేదు. పైన పలచటి వల కప్పుకోవడం మంచిది. వల మరో పనికి కూడా వస్తుంది: పక్షులకు మిరప మంట తెలియదు. ఎలుక నోరు పెట్టి వెనక్కి పోయే కాయను చిలుక హాయిగా తింటుంది.

కొనడం మార్చి, ఏప్రిల్ నెలల్లోనే ముగించండి. కొత్త పంట అప్పుడే దొరుకుతుంది, జూన్‌లో రుతుపవనాలు వచ్చేలోగా కనీసం నెల రోజుల ఎండ చేతిలో ఉంటుంది. పూర్ణా మార్కెట్‌లో కొన్నా, రైతు బజారులో కొన్నా బస్తా పైకాయలు చూసి మురిసిపోకండి. మధ్యలోంచి నాలుగు కాయలు తీసి విరిచి చూడండి. తూకం కోసం, కాయ విరగకుండా ఉండడం కోసం నీళ్లు చల్లడం పాత అలవాటే. తెల్లబారిన తాలు కాయలు ఉంటే వేరు చేయమనండి. పండుమిరప తెచ్చి ఇంట్లోనే ఎండబెట్టుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోండి: నాలుగు కిలోలు ఎండితే మిగిలేది కిలోకు కాస్త అటూ ఇటూ. మిగతాదంతా నీరే, ఆ నీరంతా మన ఊరి గాలిలోకి పోవాలి. అందుకే కండ ఎక్కువ ఉన్న కాయలను నిలువుగా చీరి ఆరబోయడం మేలు.

ఎండిందో లేదో రంగు చెప్పదు, తొడిమ చెబుతుంది. అన్నిటికంటే ఆఖరున ఎండేది తొడిమ మొదలే. వంచితే పుటుక్కున విరగాలి, ఊపితే గింజలు గలగలలాడాలి. అందుకే తొడిమలు ముందే తీసేయకండి, అక్కడ పడే చిల్లు తేమకూ పురుగుకూ తలుపు తెరిచినట్టే. మరకు పంపే ముందు తీసుకుంటే చాలు. ఇంకా అనుమానం ఉంటే గుప్పెడు కాయలు గాజు సీసాలో వేసి మూత బిగించి మర్నాడు చూడండి. మెత్తబడినా, సీసా గోడకు మసక పట్టినా ఇంకో రెండు ఎండలు తగలాలి.

బూజు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయ లోపల బూడిదరంగు పొడి ఉండవచ్చు. సరిగా ఎండని మిరపలో పెరిగే కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. అది కాలేయానికి చేటు, పోపులో వేయించినా పోదు. కడిగి మళ్లీ ఎండబెడదామనే పొదుపు ఇక్కడ పనికిరాదు. ఒక కాయలో కనబడితే దాని చుట్టూ ఉన్నవాటినీ విరిచి చూసి, చెడ్డవన్నీ పారేయండి.

మజ్జిగ మిరపకాయలు పెట్టేవారికి ఇంకా కష్టం. చీరిన కాయ, ఉప్పు, మజ్జిగ, మధ్యలో మబ్బు. నాలుగైదు రోజులు వరుసగా ఎండ కాస్తుందన్న నమ్మకం ఉంటేనే మొదలుపెట్టండి. మధ్యలో ఆకాశం మూసుకుంటే గిన్నెతో సహా ఫ్రిజ్‌లోకి. ఉప్పు తేమను లాక్కుంటుంది కాబట్టి ఇవి వానాకాలంలో ఎంతటి డబ్బాలోనైనా మెత్తబడతాయి. ఎండ కనిపించిన రోజున మళ్లీ బయటపెట్టక తప్పదు.

తొడిమలు తీసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులు మండితే ముందు కొబ్బరినూనె రాసి తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. కళ్లలో పడితే నలపకుండా చాలాసేపు నీళ్లతో కడిగి, తగ్గకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మిక్సీలో కొట్టేవారు ఆపగానే మూత తీయకండి, పొడి కిందికి దిగనివ్వండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు, పసిపిల్లలు ఉంటే వారిని పక్క గదికి పంపి తలుపు వేయండి.

మర నుంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. పళ్లెంలో పోసి పూర్తిగా చల్లారాకే సీసాకెత్తండి. ఆవకాయకు కావలసినంత పట్టించి, మిగిలినవి కాయలుగానే ఉంచడం నా పద్ధతి. పొడికి రంగూ వాసనా త్వరగా పోతాయి. కాయలను గాలి చొరబడని చిన్న చిన్న పొట్లాలు చేసి ఫ్రిజ్‌లో పెడితే ఏడాది నిలుస్తాయి. తీసిన పొట్లాన్ని గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేకపోతే చల్లని కాయల మీద నీటి చెమ్మ పడుతుంది. అయితే అన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, సరిగా కట్టని మా పొట్లాల్లోకి కరిగిన మంచు నీరంతా దిగింది. అప్పటినుంచి సగం ఫ్రిజ్‌లో, సగం వంటింటి అరలో గాజు సీసాల్లో.